నామినేషన్‌కు ముందు ఒక సాయంత్రం



2025 నవంబరు 11న మా జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో ఉప ఎన్నిక జరిగింది. పేరు వినగానే కొండ మీది బంగళాలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడి ఓట్లలో చాలా భాగం యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, బోరబండ, ఎర్రగడ్డ, మా వెంగళరావు నగర్ గల్లీల్లోనే ఉంటాయి. అంతకు ఐదు నెలల ముందు, జూన్ 8న, ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ చనిపోయారు. ఆయన భార్య సునీత బీఆర్‌ఎస్ తరఫున నిలబడ్డారు. రహమత్‌నగర్‌లో జరిగిన ఒక సమావేశంలో భర్తను తలచుకుని ఆమె ఏడ్చేశారు. ఆ ఏడుపు కూడా ప్రచారాంశం అయిపోయింది. ఓట్ల కోసం ఆమెతో కన్నీళ్లు పెట్టిస్తున్నారని అధికార పక్షానికి చెందిన మంత్రులే అన్నారు. తన దుఃఖం నిజమైనదేనని ఆమె నలుగురికీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ ఎన్నికలో ఆమె ఓడిపోయారు, కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ గెలిచారు. గెలుపోటములు ఓటర్ల ఇష్టం, దాని గురించి నేను మాట్లాడను. నా మనసులో మిగిలిపోయింది మాత్రం ఆ ఏడుపు మీద జరిగిన చర్చ. భార్యను పోగొట్టుకున్న మగ అభ్యర్థి వేదిక మీద కళ్లు తుడుచుకుంటే, ఆ కన్నీళ్లు ఎవరు పెట్టించారని మనలో ఎవరైనా అడుగుతామా?

నిజానికి మన రాజకీయాల్లో ఆడవాళ్లు పడుతున్న మాటలతో పోలిస్తే ఇది చాలా చిన్నది. అందుకే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఒకటే విషయం. రాజకీయాల్లోకి వస్తున్న స్త్రీ, ఆ దాడి జరగకముందే దానికి ఎలా సిద్ధపడాలి? ఆమెతో పాటు ఎవరెవరు సిద్ధపడాలి?

ఇది ఇప్పుడే ఎందుకంటారా? 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్‌లో 150 డివిజన్లకు ఎన్నికలు జరిగినప్పుడు సగం సీట్లు మహిళలకు కేటాయించారు. మా వెంగళరావు నగర్ డివిజన్ నుంచి గెలిచింది కూడా ఒక మహిళే. 2021 ఫిబ్రవరిలో గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు, మోతె శ్రీలత డిప్యూటీ మేయర్ అయ్యారు. ఆ పాలకవర్గానికి గడువు ఐదేళ్లే. మళ్లీ నగర ఎన్నికలు ఎప్పుడొచ్చినా వందల మంది ఆడవాళ్లు మొదటిసారి నామినేషన్ వేస్తారు. అసెంబ్లీల్లో, లోక్‌సభలో మూడో వంతు సీట్లు మహిళలకు ఇవ్వాలని 2023 సెప్టెంబరులో రాజ్యాంగాన్ని సవరించారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన పూర్తయితే అదీ అమల్లోకి వస్తుంది. 2023లో తెలంగాణ అసెంబ్లీకి 119 మందిలో గెలిచిన మహిళలు పది మందే. ఆ పది నలభై కావాల్సిన రోజు వస్తోంది. వాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? బస్తీ మహిళా సంఘాల నుంచి, కాలనీ సంక్షేమ సంఘాల నుంచి, మన పక్కింటి నుంచి వస్తారు. వాళ్లలో చాలా మందికి బడ్జెట్ అంటే ఏమిటో నేర్పుతారు, నామినేషన్ పత్రం ఎలా నింపాలో చెబుతారు. తన ఫొటోను ఎవరో మార్ఫింగ్ చేసి వాట్సాప్‌లో వదిలిన రాత్రి ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ రాత్రి ఎలా ఉంటుందో మన దగ్గర పెద్ద పెద్ద కుటుంబాల వాళ్లే చూశారు. 2019 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, వై.ఎస్. షర్మిల భర్తతో కలిసి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ దగ్గరికి వెళ్లారు. ఒక సినిమా నటుడితో తనకు సంబంధం ఉందంటూ ఏళ్ల తరబడి సోషల్ మీడియాలో రాస్తున్నారని ఫిర్యాదు చేశారు. బయటికొచ్చి, తన పిల్లల మీద ప్రమాణం చేసి, ఆ మనిషిని తానెన్నడూ కలవలేదని చెప్పారు. మాజీ ముఖ్యమంత్రి కూతురు, వేల కిలోమీటర్ల పాదయాత్ర చేసిన మనిషి. ఆమే పిల్లల మీద ఒట్టు పెట్టుకోవాల్సి వస్తే, బోరబండలో కుట్టుమిషన్ మీద బతుకుతూ కార్పొరేటర్‌గా నిలబడాలనుకునే ఆమె సంగతి ఆలోచించండి.

జయప్రద రాజమండ్రి అమ్మాయి. తెలుగు తెర మీద వెలిగి, ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నుంచి 2004లోనూ 2009లోనూ ఎంపీగా గెలిచారు. తన ఫొటోలను అశ్లీలంగా మార్చి ఊరంతా తిప్పినప్పుడు ప్రాణం తీసుకోవాలనిపించిందని, ఎవరూ తోడు నిలవలేదని ఆమె 2019లో ముంబయిలో ఒక సాహిత్య సభలో చెప్పారు. అదే ఏడాది ఎన్నికల్లో ఆమె లోదుస్తుల గురించి మాట్లాడినందుకు ప్రత్యర్థి ఆజం ఖాన్‌ను ఎన్నికల సంఘం 72 గంటల పాటు ప్రచారం నుంచి నిషేధించింది. ఆయన ఆ ఎన్నికలో గెలిచారు కూడా.

సినిమా నుంచి వచ్చిన ఆడవాళ్ల మీద ఈ దెబ్బ మరీ గట్టిగా పడుతుంది. పాతికేళ్ల కిందట చేసిన పాట ముక్కను కోసి తెచ్చి, ఇదిగో మీ నాయకురాలు అంటారు. రోజా నగరి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి అయ్యారు. ఒక మాజీ మంత్రి ఆమె మీద నోరు పారేసుకున్నారు, 2023 అక్టోబరులో అరెస్టయ్యారు, బెయిలు మీద వచ్చారు. అప్పుడు ఆమెకు అండగా ఖుష్బూ, రాధిక, మీనా మాట్లాడారు. వాళ్లది రోజా పార్టీ కాదు. తోటి నటులుగా మాట్లాడారు. ఆ అండ రోజాకు ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో నేను ఊహించగలను. బస్తీ అభ్యర్థికి అలా మాట్లాడే తోటివాళ్లు ముందే ఉండాలి, దాడి జరిగాక వెతుక్కుంటే దొరకరు.

ఈ కేసులన్నీ చూశాక నాకు ఒక సంగతి స్పష్టమైంది. ఈ తిట్లు పైకి ఆమెను ఉద్దేశించినట్టు కనిపిస్తాయి గానీ, తగలాల్సింది ఆమె ఇంటికి. ఆమె పని గురించి కాదు, పడక గురించి మాట్లాడతారు. పిల్లల తండ్రి ఎవరని అడుగుతారు. అది విని ఆమె భయపడకపోయినా, అత్తగారు భయపడాలి, అన్నదమ్ములు తలదించుకోవాలి, భర్త "నువ్విక బయటికి వెళ్లొద్దు" అనాలి. అది జరిగితే వాళ్ల పని అయిపోయినట్టే. 2021 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో తన భార్య భువనేశ్వరి గురించి అనుచితంగా మాట్లాడారంటూ చంద్రబాబు నాయుడు విలేకరుల ముందు వెక్కి వెక్కి ఏడ్చారు. అలా అనలేదని అప్పటి అధికార పక్షం వాదించింది. ఆ సభలో సభ్యురాలు కూడా కాని ఒక స్త్రీ పేరు చుట్టూ ఆ రోజంతా చర్చ నడిచింది. గురి ఇంటి మీద ఉంటుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అందుకే సిద్ధపడటం ఇంట్లోనే మొదలవ్వాలంటాను. ఆమెకు తోలు మందం కావాలని సలహా ఇచ్చేవాళ్లతో నేను ఏకీభవించను. తోలు మందం చేసుకోవాల్సిన బాధ్యత కూడా తిట్లు తిన్న మనిషిదేనా? పైగా ఆమె ఎంత గట్టి మనిషైనా, ఇంట్లో వాళ్లు కూలిపోతే ఆమె నిలబడలేదు.

నామినేషన్ వేయడానికి ముందు ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. టీవీ కట్టేయాలి. ఆమె నోరు తెరిచి చెప్పాలి: "అత్తమ్మా, నా గురించి చెడ్డ ఫొటో రావచ్చు, వీడియో రావచ్చు, నా గొంతుతో మాట్లాడినట్టు ఆడియో కూడా రావచ్చు. అవి నావి కావు. ఎవరైనా మీకు చూపిస్తే వాళ్ల ముందు గాబరా పడొద్దు. ముందు నాకో, మీ కొడుక్కో చెప్పండి." ఈ నాలుగు మాటలు ముందే విన్న అత్తగారు, పక్కింటావిడ ఫోన్ పట్టుకుని వచ్చిన రోజున కోడలి వైపు నిలబడుతుంది. వినని అత్తగారు నిలబడుతుందో లేదో చెప్పలేం. తేడా అంతా ఆ ఒక్క సాయంత్రంలో ఉంది.

పిల్లలతో మాట్లాడటం ఇంకా కష్టం. కానీ తప్పదు. పదో తరగతి చదివే కొడుకు ఫోన్‌లోకే ఆ వీడియో అందరికన్నా ముందు వస్తుంది. బడిలో స్నేహితుడే పంపిస్తాడు. ఆ పిల్లాడు ఎవరికీ చెప్పుకోలేక లోపల కుమిలిపోతాడు, లేదా వెళ్లి ఎవరితోనో కొట్లాడతాడు. "నాన్నా, అమ్మ గురించి ఇలాంటివి రావచ్చు, నీ తప్పేం లేదు, వచ్చిన రోజు నా దగ్గరికి వచ్చి చెప్పు" అని తల్లే ముందుగా చెప్పాలి. వీలైతే క్లాసు టీచర్ చెవిన కూడా వేయాలి. ఆడపిల్ల ఉంటే ఆమె ఫొటోలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ రోజే చూసుకుని తీసేయాలి. పాత ఫేస్‌బుక్‌లో పెళ్లి ఆల్బమ్, తీర్థయాత్ర ఫొటోలు, ఇంటి చిరునామా కనిపించే పోస్టులు అన్నీ మూసేయాలి. బయటి జనానికి ఒక నంబరు, ఇంటివాళ్లకు ఒక నంబరు పెట్టుకోవాలి. వాట్సాప్‌కు రెండంచెల భద్రత పెట్టుకోవడం అయిదు నిమిషాల పని.

ఇక భర్త. ఆయనతో అసలు మాట ఇదీ: "నన్ను ఎవరైనా అంటే నువ్వు కర్ర పట్టుకుని వెళ్లొద్దు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి నా కుర్చీలో నువ్వు కూర్చోవద్దు." మన దగ్గర కార్పొరేటర్ భర్త, సర్పంచ్ భర్త అనే పదవి ఏ చట్టంలోనూ లేకుండానే ఎలా పుట్టిందో ఆలోచించండి. "నీకెందుకమ్మా ఈ తలనొప్పి, ఎవరెవరో ఏవేవో అంటున్నారు, సంతకం పెట్టు చాలు" అన్న మాటతో అది మొదలవుతుంది. దూషణ బయటి నుంచి నెడుతుంది, పరువు లోపల నుంచి లాగుతుంది, మధ్యలో ఓట్లు వేసి గెలిపించిన మనిషి మాయమైపోతుంది. నా దృష్టిలో మన స్థానిక సంస్థల్లో ఆడవాళ్లకు జరుగుతున్న అతి పెద్ద నష్టం ఇదే.

ఇంటి తర్వాత రుజువుల సంగతి. ఇందులో చాలా మంది ఒకే చోట పొరబడతారు. చెడ్డ పోస్టు కనబడగానే కోపంతోనో సిగ్గుతోనో డిలీట్ చేస్తారు. చేయకూడదు. పోస్టు పెట్టిన ఖాతా పేరు, దాని లింకు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయాలి, అంచులు కత్తిరించకూడదు. వీడియో అయితే అసలు ఫైలునే దాచాలి. వాట్సాప్‌లో వస్తే ఏ గ్రూపు, ఎవరి నంబరు నుంచి, ఎవరెవరు చూశారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది: ఈ పని అభ్యర్థి చేయకూడదు. ఆ బూతులన్నీ రోజూ ఆమే చదువుతూ కూర్చుంటే ప్రచారం ఎప్పుడు చేస్తుంది, నిద్ర ఎలా పోతుంది? చెల్లెలో, వదినో, సంఘంలో చదువుకున్న అమ్మాయో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి. ఎవరన్నది ఆ సాయంత్రమే తేల్చుకోవాలి. ఎలక్ట్రానిక్ రుజువు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, కాబట్టి తెలిసిన న్యాయవాదిని ఒకసారి ముందే కలిసి ఉండటం మంచిది.

చట్టం చేతిలో లేకపోలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ స్త్రీ మర్యాదను కించపరిచే మాటకు, సైగకు మూడేళ్ల దాకా శిక్ష చెబుతుంది. వెంటపడి వేధించడం 78లో, బెదిరింపు 351లో ఉన్నాయి. అశ్లీలంగా మార్చిన చిత్రాలు పంపితే ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్లు వర్తిస్తాయి. దళిత, గిరిజన స్త్రీని కులం పేరుతో నలుగురిలో తిడితే అట్రాసిటీ చట్టం ఉంది. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందే, మా పరిధి కాదని పంపేయడానికి వీల్లేదు. వేధింపులను అడ్డుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, మన హైదరాబాద్‌లోనే 2014లో పుట్టాయి. మహిళల హెల్ప్‌లైన్ 181. నగ్నంగా చూపించే, మార్ఫింగ్ చేసిన చిత్రాల మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లోపు తీసేయాలని సోషల్ మీడియా కంపెనీలకు 2021 నిబంధనలు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు తగ్గించారు. ఆ ఫిర్యాదు ఎలా పెట్టాలో రుజువులు దాచే అమ్మాయి ముందుగానే ఒకసారి చేసి చూసుకోవాలి.

అయితే ఒక జాగ్రత్త. నల్లా నీళ్లు రాలేదని, మోరీ పొంగిందని, గెలిచాక మొహం చూపించలేదని ఎవరైనా కార్పొరేటర్ మీద గట్టిగా అరిస్తే అది దూషణ కాదు. అది వినడానికే ఆమెకు ఓటు వేశారు. విమర్శకుడి నోరు మూయించడానికి ఆడతనాన్ని అడ్డం పెట్టుకుంటే, నిజంగా దెబ్బతిన్న ఇంకో స్త్రీ మాటను రేపు ఎవరూ నమ్మరు. ఇంటర్నెట్‌లో మాటలకు జైలు వేయించే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను అధికారంలో ఉన్నవాళ్లు విమర్శకుల మీద వాడారు; అది అస్పష్టంగా ఉందని, వాక్ స్వాతంత్ర్యాన్ని దెబ్బతీస్తుందని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. పని మీద మాటకు జవాబు చెప్పాలి, ఒంటి మీద మాటకు ఫిర్యాదు చేయాలి. ఈ రెంటినీ విడదీయడం అభ్యర్థికి అలవాటు కావాలి.

అలవాటు కావడానికి సాధన చేయాలి. పది మంది ఆడవాళ్లు ఒక గదిలో చేరి, ఒకామె అభ్యర్థిగా నిలబడితే మిగతావాళ్లు గుంపుగా మారి అరవాలి. "పిల్లల్ని ఎవరికి వదిలేసి వచ్చావమ్మా?" "రాత్రి పదింటికి ఆ బండి మీద ఎవరితో వెళ్లావు?" "నీ మొగుడికి తెలుసా?" మొదటిసారి ఎవరికైనా గొంతు పూడుకుపోతుంది. నాలుగోసారికి "అన్నా, నీళ్ల గురించి అడుగు, చెబుతా" అని ఒక్క మాటలో తిప్పికొట్టడం వస్తుంది. గుంపులో ఒంటి మీద చేయి వేసేవాళ్లు కూడా ఉంటారు. ఇంటింటి ప్రచారంలో ఆమె చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు వలయంగా ఎలా నడవాలో అక్కడే నేర్చుకోవచ్చు. మా వెంగళరావు నగర్ కాలనీలోనే మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కమిషనర్ కార్యాలయం ఉంది, పక్కనే దిక్కులేని స్త్రీలకు ఆశ్రయమిచ్చే స్టేట్ హోం ఉంది. ఆ ఆవరణలో ఒక హాలు, ఒక పూట, అన్ని పార్టీల మహిళలకూ కలిపి ఇస్తే దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. వానలు పడకముందే నాలాల పూడిక తీయాలని ఏటా మునిసిపాలిటీని అడుగుతాం కదా, ఇదీ అలా ఎన్నికలకు ముందే జరగాల్సిన పని.

అన్ని పార్టీలకూ కలిపి అని ఊరికే అనలేదు. 2024 సెప్టెంబరులో ఒక సభలో ఎంపీ రఘునందన్‌రావు మంత్రి కొండా సురేఖకు చేనేత నూలు దండ వేశారు. వేరే పార్టీ మనిషైనా గౌరవంతో వేసిన దండ. ఆ ఫొటోకు నీచమైన రాతలు తగిలించి సోషల్ మీడియాలో తిప్పారు. సెప్టెంబరు 30న ఆమె విలేకరుల ముందు ఏడ్చారు. ఆ ఏడుపు చూసి నా కడుపు తరుక్కుపోయింది. రెండు రోజుల తర్వాత, గాంధీ జయంతి నాడు, అదే మంత్రి తన రాజకీయ ప్రత్యర్థిని విమర్శిస్తూ నటి సమంత విడాకులను, నటుడు నాగార్జున కుటుంబాన్ని మధ్యలోకి లాగారు. ఆ మాటలు నేను మళ్లీ చెప్పను. ఫిల్మ్‌నగర్ అంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. తన విడాకులు తన సొంత విషయమని, రాజకీయ పోరాటాల్లోకి తన పేరు తీసుకురావద్దని సమంత హుందాగా చెప్పారు. మర్నాడు సురేఖ తన మాటలు వెనక్కి తీసుకున్నారు. నాగార్జున నాంపల్లి కోర్టులో పరువునష్టం కేసు వేశారు. 2025 నవంబరులో ఆమె విచారం తెలిపాక దాన్ని ఉపసంహరించుకున్నారు.

ఈ ఉదంతం నన్ను చాలా కలవరపెట్టింది. రెండు రోజుల ముందు ఒంటి మీద పడిన దెబ్బ ఎలా ఉంటుందో తెలిసిన మనిషే, కోపంలో దగ్గర దొరికిన ఆయుధం అదే కావడంతో, రాజకీయాలతో ఏ సంబంధమూ లేని మరో స్త్రీ మీద విసిరింది. అంటే సిద్ధపడటంలో సగం, మన వైపు నుంచి ఏం మాట్లాడకూడదో ముందే ఒట్టు పెట్టుకోవడం. నామినేషన్ వేసే స్త్రీ తన పార్టీ కుర్రాళ్లకు, సోషల్ మీడియా చూసేవాళ్లకు మొదటి రోజే చెప్పాలి: "ఎదుటి అభ్యర్థి భార్య, కూతురు, తల్లి ఊసు మన ఫోన్లలోంచి వెళ్తే నేను మీ వైపు ఉండను." ప్రత్యర్థుల పనితీరుతో సంబంధం లేని వ్యక్తిగత జీవితాన్ని విమర్శించకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని పార్టీ కార్యాలయం గోడ మీద అతికిస్తే చాలదు, బీ-ఫారం ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టి సంతకం తీసుకోవాలి.

పార్టీలు ఇంకా చాలా బాకీ ఉన్నాయి. పని చేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం కింద పార్టీలను కూడా చేర్చాలని అడిగితే, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కేరళ హైకోర్టు అంతకుముందే పార్టీ అంటే ఉద్యోగం ఇచ్చే యజమాని కాదంది. న్యాయశాస్త్రం సంగతి పెద్దలు చూసుకుంటారు, నా ప్రశ్న వేరు. టికెట్ ఆశ చూపించి హోటల్‌కు రమ్మన్న నాయకుడి మీద ఆ కార్యకర్త ఎవరి దగ్గరికి వెళ్లాలి? చట్టం తప్పనిసరి చేయకపోయినా, బయటి న్యాయవాది ఒకరితో ఒక ఫిర్యాదుల సంఘం పెట్టుకోవడానికి ఏ పార్టీకీ ఎవరూ అడ్డుపడరు.

ఇది మన ఒక్కరి రోగం కాదు. అంతర్జాతీయ పార్లమెంటు సమాఖ్య 2016లో 39 దేశాల మహిళా ఎంపీలతో మాట్లాడితే, నూటికి 82 మంది మానసిక హింస పడ్డామన్నారు, 44 మంది చంపుతామనో, అత్యాచారం చేస్తామనో, ఎత్తుకుపోతామనో బెదిరింపులు వచ్చాయన్నారు. 2019 లోక్‌సభ ఎన్నికల వేళ మన దేశంలో 95 మంది మహిళా నేతలకు వచ్చిన ట్వీట్లను ఆమ్నెస్టీ పరిశీలిస్తే, ప్రతి ఏడింటిలో ఒకటి దూషణో, దాని దగ్గరిదో. ముస్లిం మహిళలకూ అణగారిన కులాల మహిళలకూ మతం, కులం పేరుతో అదనంగా పడ్డాయి. మన బొలారంలో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి దళిత స్త్రీగా మంత్రి పదవి, డిప్యూటీ స్పీకర్ పదవి చేపట్టిన రోజుల్లో ట్విటర్ లేదు. అయినా ఆమె ఎన్ని మాటలు దాటుకుని వచ్చి ఉంటుందో ఆ కుర్చీకే తెలియాలి. బొలీవియాలో హువానా కిస్పె అనే కౌన్సిలర్‌ను రాజీనామా చేయమని వేధించి, చివరకు 2012 మార్చిలో చంపేశారు. అదే ఏడాది ఆ దేశం రాజకీయాల్లో స్త్రీలపై వేధింపులను నేరం చేస్తూ ప్రత్యేక చట్టం తెచ్చింది. మనకు అలాంటి చట్టం లేదు. ఒక ప్రాణం పోయేదాకా ఆగకుండానే తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు కృత్రిమ మేధతో ఎవరి మొహాన్నైనా ఎవరి ఒంటికైనా అతికిస్తున్నారు. 2023 నవంబరులో నటి రష్మిక డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. రెండు నెలలకు ఢిల్లీ పోలీసులు గుంటూరు ప్రాంతపు యువకుణ్ని పట్టుకున్నారు. 2025లో చిరంజీవి తన పేరు, రూపం ఎవరూ వాడకుండా హైదరాబాద్ సివిల్ కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు, అయినా అశ్లీల డీప్‌ఫేక్‌లు వస్తే సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్లారు. కొండ మీద ఉన్నవాళ్లకు న్యాయవాదులు ఉన్నారు, కోర్టు ఫీజులకు డబ్బుంది. కింద కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుగా పని చేస్తూ కార్పొరేటర్‌గా నిలబడాలనుకునే అమ్మాయికి ఏముంది? ఆమె మొహమూ అంతే విలువైనది. ఆమె కోసం ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయసేవాధికార సంస్థ ఉంది, స్త్రీ అయితే చాలు ఆదాయంతో పని లేదు. ఈ ఒక్క సంగతి మీ బస్తీలో పది మందికి చెప్పండి.

మనసు గురించి కూడా చెప్పాలి. జయప్రద చెప్పిన ఆ చీకటి ఆలోచన ఎవరికైనా రావచ్చు. రాకముందే ఆమెకు రోజూ రాత్రి పడుకునే ముందు ఫోన్ చేసి "తిన్నావా, నిద్రపోతున్నావా" అని అడిగే మనిషి ఒకరుండాలి, రాజకీయం మాట్లాడని మనిషి. నిద్ర పట్టకపోతే, బతుకు మీద విరక్తి అనిపిస్తే, టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అది బలహీనత కాదు. జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లమా?

చివరిగా, నామినేషన్ వేయని మనకు. మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో, మీ కుల సంఘం గ్రూపులో, మీ బ్యాచ్ గ్రూపులో రేపు ఒక అభ్యర్థి మీద అలాంటి వీడియో వస్తుంది. మీరు చూసి నవ్వకపోవచ్చు, ముందుకు పంపకపోవచ్చు. అంతటితో ఊరుకోకండి. పంపినతని పేరు, నంబరు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఆమె మనుషులకు చేర్చండి. ఆ ఇంటి అత్తగారు మీకు తెలిసినావిడైతే, ఆ సాయంత్రమే వెళ్లి ఆమె పక్కన కాసేపు కూర్చోండి. గ్రూపు అడ్మిన్‌కు ఫోన్ చేసి తీసేయమనండి. ఆయన తీయకపోతే, అందరూ చూస్తుండగా ఆ గ్రూపులోనే రాయండి: ఇది తప్పు, నేను ఆమె పక్షాన ఉన్నాను అని. మీరు ఆమెకు ఓటు వేయకపోయినా సరే, రాయండి.